మెరైట్ డబ్బు ఒకసారి వస్తుంది, ల్యాబ్ ఖర్చు ఏటా ఉంటుంది: మన సీమ పాలిటెక్నిక్‌ల కోసం ఏం అడుగుదాం?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ లెక్చరర్‌ని. 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ సాంకేతిక విద్యను మెరుగుపరిచే మెరైట్ అనే పథకానికి ఆమోదం ఇచ్చింది. మొత్తం 4,200 కోట్లు, 2025-26 నుంచి 2029-30 దాకా ఐదేళ్లు. అందులో 2,100 కోట్లు ప్రపంచ బ్యాంకు అప్పు. దేశమంతా కలిపి 275 సంస్థలకు, అంటే 175 ఇంజినీరింగ్ సంస్థలు, 100 పాలిటెక్నిక్‌లు. ప్రభుత్వ, ఎయిడెడ్ వాటికే. దేశం మొత్తానికి 100 పాలిటెక్నిక్‌లంటే మన రాష్ట్రానికి వచ్చేవి కొన్నే. అందులో సీమకు ఎన్ని? అడిగేవాళ్లు లేకపోతే ఒక్కటీ రాకపోవచ్చు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా అసలు బాధ వేరే ఉంది. మా మెషీన్స్ ల్యాబ్‌లో ఒక డీసీ షంట్ మోటార్ ఉంది. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి, కమ్యుటేటర్ మీద నల్ల మచ్చలు పడ్డాయి. లోడ్ టెస్ట్ చేయాలంటే బ్రేక్ డ్రమ్‌లో నీళ్లు పోసి, బెల్టు బిగిస్తూ, స్ప్రింగ్ బ్యాలెన్స్ రీడింగ్ రాసుకుంటూ ఫుల్ లోడ్ దాకా వెళ్లాలి. మా మోటార్‌కి సగం లోడ్ దాటగానే బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి, ఆపేయమంటాను. ఫుల్ లోడ్ దగ్గర ఎఫిషియెన్సీ ఎంత వస్తుందో పిల్లలు కళ్లతో చూడట్లేదు. మిగిలిన సగం గ్రాఫు పాత రికార్డు చూసి గీస్తున్నారు. ఆ బ్రష్‌లేమీ లక్షలు పెట్టి కొనేవి కావు. వాటిని కొనడానికి చేతిలో పద్దు లేదు, అంతే. పెద్ద పథకాలు వచ్చినప్పుడు కొత్త మెషీన్లు వస్తాయి, వాటిని నడిపే డబ్బు మాత్రం రాదు. దీని మీద ఒక వినతిపత్రం తయారు చేసి మన ఎమ్మెల్యేలకు, సాంకేతిక విద్యాశాఖకు ఇవ్వాలని నా ఉద్దేశం. ఏం రాయాలో మీరు చెప్పండి.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):
సార్, మీ ల్యాబ్ సంగతి నిజమే, కాదనను. కానీ మాలాంటి తల్లిదండ్రులకు కాలేజీ అంటే ముందు గుర్తొచ్చేది ఫీజు. మా అమ్మాయి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్. కన్వీనర్ కోటా సీటు, ఫీజంతా ప్రభుత్వమే కడుతుందన్నారు. ఇప్పుడు ప్రతి సెమిస్టర్ ముందు 'గవర్నమెంట్ నుంచి రాలేదు, మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం' అంటారు. ఎదురు తిరిగితే పిల్ల మీద పడుతుందని భయం. ఇంట్లో ఉన్న గాజులు కుదువ పెట్టి ఒక విడత కట్టాను. నాది చిన్న బట్టల కొట్టు. కొడుకు పదో తరగతి, వాడిని పాలిటెక్నిక్‌లో వేయాలా వద్దా అని ఆలోచిస్తూ ఈ చర్చ చదువుతున్నాను.

గ్రీన్‌బోర్డ్ (కడప):
పెన్నాతీరం అన్నా, నేను అవతలి వైపు మనిషిని. ప్రైవేటు కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఫీజు బకాయి పడినప్పుడల్లా మా జీతాలు ఆగుతాయి. ఎంటెక్ చేసి, పీహెచ్‌డీ రిజిస్టర్ చేసుకున్నవాళ్లం, ఇంటద్దెకు అప్పు అడగాల్సి వస్తోంది. మా మేనేజ్‌మెంట్‌ని వెనకేసుకురావడం లేదు. కానీ పిల్లల్లో ఎక్కువమంది ప్రభుత్వం కట్టే ఫీజుతోనే చదువుతుంటే ఆ డబ్బు ఆలస్యమైన ప్రతిసారీ కాలేజీ నడక తప్పుతుంది. తల్లిదండ్రుల మీద ఒత్తిడి, మాకు జీతం టెన్షన్, రెండూ అక్కడి నుంచే పుడుతున్నాయి.

లెక్కల_మనిషి (కర్నూలు):
నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, విద్యాశాఖ కాదు. ఫీజు డబ్బు దారి ఎన్నిసార్లు మారిందో ఒకసారి చెప్తాను, గందరగోళం కొంత తగ్గుతుంది.

2008 ప్రాంతం నుంచి బీసీలకు, తర్వాత ఈబీసీలకు కూడా ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున మొదలైంది. కొన్నేళ్లకు దానికి పరిమితి పెట్టారు. ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, ఆపైన బీసీ, ఈబీసీలకు ఏడాదికి 35,000. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో పని లేదు. 2019 తర్వాత విద్యాదీవెన కింద పూర్తి ఫీజు అన్నారు, డబ్బు తల్లి ఖాతాలో వేశారు. హాస్టల్, భోజనం ఖర్చుకు వసతి దీవెన కింద ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీ ఆపైన 20,000 పెట్టారు. తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే వేస్తామన్నారు. ఒకే అమ్మాయి నాలుగేళ్ల బీటెక్‌లో ఈ మూడు పద్ధతులూ చూసి ఉండొచ్చు. ఏ ఏడాది విడత ఎవరి ఖాతాలో పడింది, ఏది పడలేదు అన్న లెక్క అందుకే కలవదు.

ఎస్సీ పిల్లలకు ఇంకో మెలిక ఉంది. 2020 డిసెంబర్‌లో కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనలు మార్చింది. 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం. కేంద్రం వాటా ఆధార్ లింకైన విద్యార్థి ఖాతాలోకి నేరుగా వస్తుంది, అదీ రాష్ట్రం తన వాటా విడుదల చేశాకే. రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండూ ఆగుతాయి. ఖాతా ఆధార్‌తో సరిగ్గా లింకు కాకపోతే ఆ 60 శాతం పడదు. ఎస్సీ పిల్లలున్న తల్లిదండ్రులు బ్యాంకుకు వెళ్లి ఆధార్ సీడింగ్, అంటే డబ్బు నేరుగా పడేలా ఖాతాను ఆధార్‌కు కలపడం, అయిందా లేదా అని తప్పకుండా అడగండి. పాస్‌బుక్‌కి ఆధార్ జిరాక్స్ ఇచ్చినంత మాత్రాన సీడింగ్ అయినట్టు కాదు.

పెన్నాతీరం గారూ, మీరు కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. రసీదు మీద 'ట్యూషన్ ఫీజు' అని, విద్యా సంవత్సరం స్పష్టంగా ఉండాలి. 'అదర్ ఫీ' అని రాయించుకుంటే రేపు వెనక్కి అడగలేరు.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):
చాలా థాంక్స్ సార్. నా రసీదు తీసి చూశాను. 'మిసలేనియస్' అని ఉంది. రేపే వెళ్లి మార్పిస్తాను.

పాత_సీడెడ్ (అనంతపురం):
రిటైర్ అయిన ఇంజినీరింగ్ మాస్టారిని. కాస్త వెనక్కి వెళ్లి చెప్తాను, ఓపిక పట్టండి.

కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒప్పందంలో సీమకు ఇచ్చిన మాటల్లో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి. 1946లో అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీ మంజూరైంది. మొదట తరగతులు మద్రాసు గిండీలో జరిగాయి, 1948లో అనంతపురం వచ్చింది. 1972లో జేఎన్‌టీయూ కిందికి వెళ్లింది. 2008లో ఆ విశ్వవిద్యాలయాన్ని విడదీసినప్పుడు జేఎన్‌టీయూ అనంతపురం సొంతంగా నిలబడింది. కరువు జిల్లాలో రైతు కొడుకు ఇంజినీర్ అయ్యాడంటే ఆ ఒక్క కాలేజీ చలవే అని చెప్పుకునే ఇళ్లు ఈ ఊళ్లో లెక్కలేనన్ని. అప్పట్లో ప్రభుత్వం డబ్బు నేరుగా కాలేజీకి వచ్చేది. పోస్టులు, ల్యాబులు, వర్క్‌షాపు, హాస్టల్, అన్నీ అందులోనే.

1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసు తీర్పుతో ప్రైవేటు కాలేజీల్లో ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని రెండు రకాలు వచ్చాయి. 2002లో టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసు తీర్పు ఆ పద్ధతిని కొట్టేసింది. 2003లో ఇస్లామిక్ అకాడమీ తీర్పు తర్వాత రాష్ట్రాల్లో ఫీజు నిర్ణయ కమిటీలు వచ్చాయి. ఆపైన రీయింబర్స్‌మెంట్ వచ్చింది. అప్పటి నుంచి ప్రభుత్వం డబ్బు సీటు వెంట నడవడం మొదలైంది, కాలేజీ వెంట నడవడం తగ్గింది. పేద పిల్లవాడికి తలుపు తెరిచింది, అది చాలా మంచి పని, వెనక్కి తీసుకోమని ఎవరూ అనకూడదు. కానీ సీటుకు డబ్బు కట్టడం వేరు, కాలేజీ కట్టడం వేరు. మొదటిదానికి ప్రతి బడ్జెట్‌లో చర్చ ఉంటుంది, పత్రికల్లో వార్త ఉంటుంది. రెండోదాని కోసం ఎవరూ రోడ్డెక్కరు.

ఈఈఈ_ఫైనలియర్ (అనంతపురం జిల్లా):
హంద్రీ సార్, మీరు చెప్పిన పాత రికార్డు చూసి గ్రాఫు గీసే బ్యాచ్ మాదే అనుకోండి, వేరే కాలేజీ అయినా కథ అదే. మా వర్క్‌షాప్‌లో పనిచేసే లేత్ ఒకటే. చుట్టూ పదిహేను మంది నిలబడతాం. ఫేసింగ్, టర్నింగ్ చేసే అవకాశం ఇద్దరు ముగ్గురికి దొరుకుతుంది. ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్ ముక్క కూడా మేమే బజారు నుంచి తెచ్చుకుంటాం. వెల్డింగ్ ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్లు ఒక్కొక్కరికి ఒకటే. ఒక్క ఎలక్ట్రోడ్‌తో ఆర్క్ కొట్టడమే రాదు సార్, అది అంటుకుని వదలదు, ఊడబెరికేలోపు నా వంతు అయిపోయింది.

మా నాన్నకు రెండెకరాల శనక్కాయ చేను. ప్రైవేటుకు కాకుండా ప్రభుత్వ పాలిటెక్నిక్‌కే ఎందుకొచ్చానంటే ట్యూషన్ ఫీజు ఏడాదికి 4,700, ప్రైవేటులో 25,000. ప్రభుత్వం రీయింబర్స్ చేయకపోయినా 4,700 మేమే కట్టుకోగలం అన్న ధైర్యం. ఫీజు టెన్షన్ లేని చదువు ఇదొక్కటే. ఇది బాగుండాలని కోరుకుంటున్నాను.

బుగ్గరామ (తాడిపత్రి):
తమ్ముడు చెప్పింది నిజం. నేను పాలిటెక్నిక్ మెకానికల్ చదివి ఇరవై ఏళ్లుగా సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో ఉన్నాను. ఏటా డిప్లొమా పిల్లలు ట్రైనింగుకు వస్తారు, ఒక సెమిస్టర్ మొత్తం ఇండస్ట్రియల్ ట్రైనింగే కదా ఇప్పుడు. వచ్చిన మొదటి వారంలోనే తెలిసిపోతుంది ఎవరు చేత్తో పని చేశారో, ఎవరు చూసి వచ్చారో. వెర్నియర్ చేతికిస్తే మెయిన్ స్కేల్ చదువుతారు, వెర్నియర్ కలపడం మర్చిపోతారు. బేరింగ్ ఫిట్ చేసేటప్పుడు ఏ రింగు మీద దెబ్బ పడాలో తెలీదు. తెలివి తక్కువై కాదు, పాపం వాళ్లకు ఎవరూ చేతికివ్వలేదు.

ఇప్పుడు మన దగ్గర పని లేదా అంటే ఉంది. పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల అంతా సిమెంటే. ఓర్వకల్లు పక్కన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. 2024 ఆగస్టులో ఓర్వకల్లు, కొప్పర్తి రెండింటినీ కేంద్రం పారిశ్రామిక నగరాల జాబితాలో పెట్టింది. సోలార్ ప్లాంట్‌కు ఇన్వర్టర్, స్విచ్‌యార్డు, ప్రొటెక్షన్ రిలే తెలిసినవాడు కావాలి. ఆ పిల్లలు మన జిల్లా పాలిటెక్నిక్‌ల నుంచే రావాలి.

కొప్పర్తి_రోడ్ (కడప):
నేను ఒప్పుకోను. నేనొక చిన్న యూనిట్ నడుపుతున్నాను. పిల్లలే సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటి కోర్ బ్రాంచీల్లో చేరట్లేదు. అందరికీ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలి. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే అన్న పరిమితి కూడా సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ తీసేసింది. ప్రైవేటు కాలేజీలు సివిల్, మెకానికల్ మూసేసి కంప్యూటర్ సెక్షన్లు పెంచుకుంటున్నాయి. డిమాండ్ లేని చోట ప్రభుత్వం ఖర్చు పెట్టి ఏం లాభం? ఆ డబ్బుతో మంచి ప్రైవేటు కాలేజీలో సీట్లు కొనమనండి. నాకు ఫిట్టర్ కావాలి, ఎలక్ట్రీషియన్ కావాలి. ఎక్కడ చదివాడన్నది నాకు అనవసరం.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
కొప్పర్తి గారూ, మీ మాటలోనే జవాబు ఉంది. మీకు ఎలక్ట్రీషియన్ కావాలి, ప్రైవేటు కాలేజీ ఆ బ్రాంచి మూసేస్తోంది. ఎందుకు మూసేస్తోంది? సీఎస్ఈ ల్యాబ్‌కు కంప్యూటర్లు, కరెంటు ఉంటే చాలు. మెషీన్స్ ల్యాబ్‌కు మోటార్లు, ఆల్టర్నేటర్లు, లోడ్ బ్యాంకులు, వాటిని చూసుకునే మెకానిక్ కావాలి. సీటుకు ఇచ్చే ఫీజు రెంటికీ ఇంచుమించు ఒకటే అయినప్పుడు ఖర్చు ఎక్కువయ్యే బ్రాంచిని ఎవరు నడుపుతారు? లాభం చూసుకోవాల్సిన సంస్థ నడపదు. అందుకే ఆ పని ప్రభుత్వ పాలిటెక్నిక్ చేయాలి. సీట్లు కొనమంటున్నారు, కొందాం. కానీ లేని సీటును ఎలా కొంటాం?

రాజోలి_బండ (కర్నూలు):
ఇదంతా ఫలానా పార్టీ చేసిన పాపం. వాళ్లే...

అడ్మిన్:
రాజోలి_బండ గారూ, పార్టీల పేర్లతో రాసిన భాగం తీసేశాను. ఫీజు బకాయి ఏ ఒక్క ప్రభుత్వంతోనూ మొదలవలేదు, ఏ ఒక్కదానితోనూ ఆగలేదు. విధానం మీద ఎంతైనా రాయండి.

పాత_సీడెడ్ (అనంతపురం):
పోస్టుల సంగతి కూడా రాయాలి హంద్రీ. ల్యాబ్‌లో మెషీన్ ఉన్నా నేర్పేవాడు లేకపోతే ఒకటే. ఏఐసీటీఈ లెక్క ప్రకారం బీటెక్‌లో 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు, డిప్లొమాలో 25 మందికి ఒకరు. 60 సీట్ల బీటెక్ బ్రాంచి నాలుగేళ్లకు 240 మంది, అంటే 12 మంది అధ్యాపకులు ఉండాలి. 60 సీట్ల డిప్లొమా బ్రాంచి మూడేళ్లకు 180 మంది, కనీసం ఏడుగురు. ఆ ఏడుగురిలో రెగ్యులర్ ఎందరు, కాంట్రాక్టు ఎందరు, గెస్ట్ ఎందరు అని ప్రతి ప్రభుత్వ కాలేజీ గురించి అడగండి. 2023 చివర్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మూడు వేలకు పైగా అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చారు, అవి కోర్టు చిక్కుల్లో పడ్డాయి. పిల్లలు కోర్టు తీర్పు కోసం ఆగరు కదా, ఒక బ్యాచ్ వెళ్లిపోతుంది, ఇంకొకటి వస్తుంది.

ఇంకొకటి. కేంద్రం ప్రాజెక్టు డబ్బుతో మనుషుల్ని పెట్టుకుంటే ఏమవుతుందో మెరైట్‌కు ముందు వచ్చిన టెక్విప్ అనే పథకంలో చూశాం. అది కూడా ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిందే. మూడో దశలో వెనకబడిన రాష్ట్రాల ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలకు ఐఐటీలు, ఎన్ఐటీల్లో చదివిన యువకుల్ని వెయ్యి మందికి పైగా పంపారు. చాలా మంచి ఆలోచన. 2021లో ప్రాజెక్టు ముగిసింది, వాళ్ల ఉద్యోగాలూ ముగిశాయి. మెరైట్ 2029-30లో ముగుస్తుంది. ఆ తర్వాత ఏమిటన్నది రాష్ట్రం ఇప్పుడే రాసివ్వాలి.

లెక్కల_మనిషి (కర్నూలు):
సార్ చెప్పిన దానికి నా వైపు నుంచి ఒక విషయం. బడ్జెట్‌లో ఒక ప్రభుత్వ కాలేజీ పేరు మీద వచ్చే డబ్బులో సింహభాగం జీతాలే. మిగిలింది కరెంటు, నీళ్లు, ఫోను, ఆఫీసు ఖర్చులు, చివరన 'మెటీరియల్స్ అండ్ సప్లైస్' లాంటి చిన్న పద్దు. హంద్రీ గారి బ్రష్‌లు, తమ్ముడి ఎలక్ట్రోడ్లు ఆ చివరి పద్దులో ఉంటాయి. ఖజానా బిగుసుకున్నప్పుడు మొదట ఆగేది అదే. జీతం ఆపితే యూనియన్ వస్తుంది, కరెంటు ఆపితే చీకటి, ఎలక్ట్రోడ్లు ఆపితే ఎవరికీ తెలీదు. బడ్జెట్‌లో చూపించినా త్రైమాసిక విడుదల ఉత్తర్వు రాకపోతే బిల్లు పెట్టలేం. బిల్లు పెట్టినా సీఎఫ్ఎంఎస్‌లో, అంటే రాష్ట్ర ప్రభుత్వ బిల్లుల ఆన్‌లైన్ వ్యవస్థలో, పెండింగ్ అని చూపిస్తుంటుంది. సరుకిచ్చిన షాపువాడు రెండోసారి అప్పు ఇవ్వడు.

కాబట్టి 'నిధులు పెంచండి' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఫలానా పద్దు, ఒక్కో విద్యార్థికి ఏడాదికి ఇంత, జూన్‌లోనే విడుదల, ప్రిన్సిపాల్ నేరుగా కొనే అధికారం, ఇలా రాయండి. ఫైలు చూసే అధికారికి సంతకం ఎక్కడ పెట్టాలో కనిపించాలి.

వేంపల్లె_అక్క (కడప జిల్లా):
ఇందాకటి నుంచి చదువుతున్నాను. ఆడపిల్లల తల్లులకు ఒక మాట. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000. డిప్లొమా, బీటెక్ రెంటికీ ఉంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా వస్తుంది. మొదటి ఏడాదిలో, లేదా లేటరల్ ఎంట్రీలో రెండో ఏడాదిలో చేరినప్పుడే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. మా పక్కింటి అమ్మాయి గడువు దాటాక తెలుసుకుని ఏడ్చింది. ఇంకో స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవాళ్లు మాత్రం నిబంధనలు చదివి అప్లై చేయండి, రెండూ ఒకేసారి కుదరకపోవచ్చు. దివ్యాంగ పిల్లలకు సక్షమ్ అని ఉంది, అది కూడా 50,000.

వినతిపత్రంలో హాస్టల్ చేర్చండి. పాలిటెక్నిక్‌కి అమ్మాయిల హాస్టల్ లేకపోతే పదో తరగతి అయిన పిల్లను పక్క ఊరికి కూడా పంపరు. మా ఊరి నుంచి పొద్దున బస్సు తప్పితే మళ్లీ పదకొండుకే. మొదటి రెండు పీరియడ్లు పోతాయి. అవి ఎక్కువగా ల్యాబ్ పీరియడ్లే.

కొప్పర్తి_రోడ్ (కడప):
హంద్రీ గారూ, లేని సీటు ఎలా కొంటామన్న మాట దగ్గర ఆగి ఆలోచించాను. మీ వాదన ఆ మేరకు సరే. కానీ నా షరతు ఒకటి. పరిశ్రమకు కావాల్సింది నేర్పండి. ఇరవై ఏళ్ల కిందటి డీసీ మెషీన్ల మీదే సెమిస్టరంతా పెట్టకండి. ఒక వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్), ఒక పీఎల్‌సీ కిట్ (మెషీన్లను ఆటోమేటిక్‌గా నడిపే కంట్రోలర్), ఒక సోలార్ ఇన్వర్టర్ పెట్టండి. నా వైపు నుంచి ఏం చేయగలనంటే, అప్రెంటిస్‌లను తీసుకుంటాను. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం డిప్లొమావాళ్లకు నెలకు కనీసం 8,000, ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్లకు 9,000 స్టైపెండ్ అని పెట్టారు. ఆ కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. మా ఏరియాలో చిన్న యూనిట్లలో చాలామందికి ఈ సంగతే తెలీదు. పాలిటెక్నిక్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ వచ్చి ఒక గంట చెప్తే పది యూనిట్లను నేను కూర్చోబెడతాను.

బుగ్గరామ (తాడిపత్రి):
డీసీ మెషీన్ తీసేయొద్దు సార్. మా ఫ్యాక్టరీలో పాత డీసీ డ్రైవ్‌లు ఇంకా తిరుగుతున్నాయి. రెండూ ఉండాలి.

గ్రీన్‌బోర్డ్ (కడప):
ఒక విన్నపం. ఇది ప్రభుత్వ కాలేజీ వర్సెస్ ప్రైవేటు కాలేజీ తగువుగా మారకూడదు. జిల్లాలో ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటులోనే ఉన్నారు, వాళ్లూ మన పిల్లలే. రీయింబర్స్‌మెంట్ విడుదలకు ఒక క్యాలెండర్ అడగండి. ఏ త్రైమాసికం డబ్బు ఏ నెలలోపు పడుతుందో ముందే ప్రకటించాలి. అది పడేదాకా పిల్లను పరీక్షకు, సర్టిఫికెట్‌కు ఆపకూడదని స్పష్టమైన ఉత్తర్వు ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది, ఏఐసీటీఈ కూడా అదే చెబుతోంది. అయినా ఉద్యోగం వచ్చిన పిల్ల టీసీ కోసం తిరుగుతూనే ఉంది. కాలేజీకి ప్రభుత్వం బాకీ ఉంటే దాన్ని కాలేజీ ప్రభుత్వాన్నే అడగాలి. ఇది రాస్తున్నందుకు మా మేనేజ్‌మెంట్‌కు కోపం వచ్చినా సరే.

ఈఈఈ_ఫైనలియర్ (అనంతపురం జిల్లా):
ఒక డౌట్. కర్నూలులో ట్రిపుల్ ఐటీడీఎం అనే కేంద్ర ఇంజినీరింగ్ సంస్థ ఉంది కదా, అక్కడ కేంద్రం డబ్బు బాగానే ఉంటుంది. ఆ ల్యాబులు మాలాంటివాళ్లు వాడుకునే వీలుందా?

పాత_సీడెడ్ (అనంతపురం):
మంచి ప్రశ్న బాబూ. విభజన చట్టం హామీ మేరకు 2015లో మొదలైన జాతీయ సంస్థ అది. సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకుతో, దేశం మొత్తానికి. జేఎన్‌టీయూ కాలేజీలో అయితే 85 శాతం సీట్లు ఎస్వీయూ ప్రాంతం పిల్లలకు, అంటే సీమ, నెల్లూరు వాళ్లకు. అందుకే జాతీయ సంస్థ మన ఊళ్లో ఉన్నా మన పిల్లల చదువు భారం రాష్ట్ర కాలేజీల మీదే ఉంది. ల్యాబులు పంచుకోవడం గురించి అడగడంలో తప్పులేదు. సెలవుల్లో రెండు వారాలు పాలిటెక్నిక్ ఫైనలియర్ పిల్లలకు, లెక్చరర్లకు కలిపి అక్కడ శిక్షణ పెట్టమని వినతిపత్రంలో అడుగుదాం. లెక్చరర్లు నేర్చుకుంటే అది ఏటా కొత్త బ్యాచ్‌కు చేరుతుంది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
అందరి మాటలూ కలిపి ముసాయిదా రాశాను. ముఖ్యమైన భాగం ఇది, చదివి చెప్పండి.

'మెరైట్ కింద రాష్ట్రం ప్రతిపాదించే పాలిటెక్నిక్‌లలో రాయలసీమ వాటాను ముందుగా బహిరంగంగా ప్రకటించాలి. ఎంపికైన కాలేజీకి కొత్త పరికరాలు కొనే ముందు, ఉన్న పరికరాలను బాగుచేయడానికి నిధి కేటాయించాలి. పథకంతో సంబంధం లేకుండా ప్రతి ప్రభుత్వ పాలిటెక్నిక్‌కూ విద్యార్థుల సంఖ్యను బట్టి ల్యాబ్ సామగ్రి గ్రాంటును జూన్ నెలలోనే ప్రిన్సిపాల్ ఖాతాకు విడుదల చేయాలి. ప్రైవేటు కాలేజీ ఫీజు చెల్లింపులకు ఎంత కేటాయిస్తున్నారో, ప్రభుత్వ సాంకేతిక కాలేజీల ల్యాబులకు ఎంత కేటాయిస్తున్నారో బడ్జెట్‌లో పక్కపక్కన చూపించాలి. ఖాళీ పోస్టుల వివరాలను బ్రాంచి వారీగా ప్రకటించి భర్తీకి గడువు చెప్పాలి. మెరైట్ ముగిశాక నిర్వహణ ఖర్చు భరిస్తామని రాష్ట్రం ఇప్పుడే హామీ ఇవ్వాలి.'

ఫీజు క్యాలెండర్, సర్టిఫికెట్లు, అమ్మాయిల హాస్టల్, బస్సు టైమింగ్, ట్రిపుల్ ఐటీడీఎం శిక్షణ వేరే పేరాల్లో ఉన్నాయి.

లెక్కల_మనిషి (కర్నూలు):
బాగుంది. ఇచ్చే ముందు చేతిలో అంకెలు ఉండాలి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'ల్యాబులు ఎలా ఉన్నాయి' అని అడిగితే జవాబు రాదు. ఇలా అడగండి: గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మెటీరియల్స్ అండ్ సప్లైస్ పద్దు కింద మంజూరైన మొత్తం, విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం, పెండింగ్ బిల్లుల మొత్తం. మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, కాంట్రాక్టు, గెస్ట్ ఎన్ని, బ్రాంచి వారీగా. స్టాక్ రిజిస్టర్ ప్రకారం పనిచేయని పరికరాల జాబితా నకలు. చివరిది ముఖ్యం. ఏటా స్టాక్ వెరిఫికేషన్ జరుగుతుంది కాబట్టి 'సమాచారం లేదు' అనలేరు. ప్రైవేటు కాలేజీలైతే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం అధ్యాపకుల జాబితాతో సహా మాండేటరీ డిస్‌క్లోజర్ (తప్పనిసరిగా బయటపెట్టాల్సిన వివరాలు) వాళ్ల వెబ్‌సైట్‌లోనే పెట్టాలి, అది డౌన్‌లోడ్ చేసుకోండి.

దరఖాస్తు ఉద్యోగి పేరు మీద వద్దు. తల్లిదండ్రులెవరైనా పెడితే మంచిది.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):
కడప జిల్లా కాలేజీలకు నా పేరు మీద పెడతాను. రసీదు కూడా మార్చి ఇచ్చారు సార్, ఇప్పుడు ట్యూషన్ ఫీజు అని రాసి ఉంది. మా అబ్బాయిని పాలిసెట్‌కి కట్టించాను, ఎలక్ట్రికల్ అడుగుతున్నాడు.

వేంపల్లె_అక్క (కడప జిల్లా):
వేంపల్లె, పులివెందుల వైపు తల్లిదండ్రుల సంతకాలు నేను చేయిస్తాను. తెలుగులోనే ప్రింట్ తీయండి, చదివి పెట్టాలి కదా.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
తెలుగులోనే ఉంటుంది అక్కా. కర్నూలు, నంద్యాల జిల్లాల దరఖాస్తులు పాత విద్యార్థులు పెడతామన్నారు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలకు ఇంకా ఎవరూ లేరు. ఆ వైపు తల్లిదండ్రులెవరైనా ఉంటే ఇక్కడే రాయండి, దరఖాస్తు నమూనా పంపిస్తాను.